మూసీలో పడని బ్రష్షులు

వదిన సింకు జాలిని తోముతున్నది దేనితోనో గుర్తుపట్టడానికి నాకు అర నిమిషం పట్టింది.

అది నా బ్రష్. నాది అంటే డాడీది. డ్రమ్ము మీద కర్రలకు బదులు వాడేది, సన్నటి ఉక్కు తీగలు విసనకర్రలా విచ్చుకునేది. ఇప్పుడా తీగల మధ్య అన్నం మెతుకులు, చేప పొలుసులు, నిన్నటి మటన్ కూర జిడ్డు ఇరుక్కుని ఉన్నాయి. దాని జత స్టవ్ పక్కన పడి ఉంది. దాంతో అప్పటికే బర్నర్లు తోమడం అయిపోయినట్టుంది. తీగలు నల్లబడి తలో దిక్కుకూ వంగిపోయాయి.

"వదినా, అవి నీకెక్కడివి?"

"మామయ్య మంచం కింద అట్టపెట్టెల దొరికినయ్. మస్తుగున్నయ్ జెర్లిన్, ఎంత మురికి ఒచ్చిందో చూడు. శనివారం ప్రార్థన కూడికకు ఇల్లంత సాఫ్ చెయ్యాలె గదా. గిసుంటివి ఇంట్ల పెట్టుకొని ఇన్నేండ్లు నేను గోర్లతోటి గీకిన."

కేథరిన్ వదిన మీద కోపం తెచ్చుకోవడం కష్టం. పరలోకంలో అడుగు పెట్టినా ముందు ఫినాయిల్ సీసా ఎక్కడుందని అడిగే రకం. అయినా కోపం ఆగలేదు. బ్రష్‌ను ఆమె చేతిలోంచి లాక్కుని అరిచాను. అక్కడే తప్పు చేశాను. నోరు మూసుకుని ఉంటే అది గిన్నెలు తోమే బ్రష్‌గానే ఉండిపోయేది, ఈ ఇల్లు ఇంకొన్నాళ్ళు ప్రశాంతంగా ఉండేది.

నా అరుపుకు అన్న గడ్డం సబ్బుతోనే వచ్చాడు. సామ్ సుందర్ అన్నకు నలభై రెండేళ్ళు, నాకంటే పదమూడేళ్ళు పెద్ద. పొద్దున లేస్తే లక్డీకాపూల్‌లో ఆఫీసు, సాయంత్రమైతే చర్చి పనులు. వచ్చే వారం చర్చి కమిటీ ఎన్నికల్లో బుచ్చిబాబు గారి మీద సెక్రటరీగా నిలబడుతున్నాడు. శనివారం మా ఇంట్లో కూడిక కూడా అందుకే.

అన్న నా చేతిలోని బ్రష్ చూశాడు. స్టవ్ పక్కన ఉన్నదాన్నీ చూశాడు.

"ఇవి డాడీవి," అన్నాడు. "చిన్నగున్నప్పుడు నేను చూసిన."

కొళాయి కారుతూనే ఉంది.

మా చర్చిలో ఎవర్నడిగినా చెబుతారు. జీవరత్నం గారు పగలు నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమస్తా, సాయంత్రాలు ఆబిడ్స్ హోటల్లో జాజ్ బ్యాండుకు డ్రమ్మర్. ఎనభై తొమ్మిదిలో ఒక రోజు ప్రభువు ఆయన్ని తన సేవకు పిలిచాడు. ఆ మధ్యాహ్నమే ఆయన నయాపూల్ వంతెన మీద నిలబడి తన బ్రష్షులు రెండూ మూసీలోకి విసిరేశాడు. ఈ సాక్ష్యం డాడీ ముప్పై అయిదేళ్ళుగా చెబుతున్నాడు. మెదక్‌లో, సంగారెడ్డిలో, జహీరాబాద్‌లో చెప్పాడు. సండే స్కూలు పిల్లలు వంతెన, నది, కోటు వేసుకున్న మనిషి బొమ్మలు వేస్తారు.

ఆ మూసీలో పడ్డ బ్రష్షులు ఇప్పుడు మా సింకులో తేలాయి.

"డాడీ!" అని పిలుస్తూ అన్న ముందు గదిలోకి నడిచాడు. నేనూ వెళ్ళాను, వెనకే వదిన తడి చేతులతో.

డాడీ మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. వంటింట్లో అరుపులు వీధి చివరి దాకా వినిపించి ఉంటాయి. ఆయనకు మాత్రం వినిపించనట్టుంది.

"ఇవి ఎక్కడివి డాడీ?"

"ఏవో పాతయి."

"మీరు మూసీల పారేసిన అన్నరు గదా?"

డాడీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. అన్న ఇంకేం అడగలేక నావైపు తిరిగాడు. మగవాళ్ళు పెద్దవాళ్ళను నిలదీయలేకపోతే అలాగే తిరుగుతారు, పక్కనున్న ఆడమనిషి మీదికి.

"అవి పాడైతే నువ్వెందుకు అరుస్తున్నవ్?"

అన్న జేబులోంచి ఫోను తీసి నా మొహం ముందు పెట్టాడు. ఆబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో కొత్తగా తెరిచిన కాఫీ హోటల్ పోస్టరు. శనివారం సాయంత్రం ఆరున్నర, రాబర్ట్ ట్రియో. కింద చిన్న అక్షరాల్లో డ్రమ్స్, జెర్లిన్ అని ఉంది.

"బుచ్చిబాబు మనుషులు పొద్దటిసంది అందరికి పంపుతున్నరు. నేను ఇది మన జెర్లిన్ కాదు అని చెప్పుకుంటొస్తున్న. ఎవరు నేర్పిన్రు నీకు?"

నేను డాడీ వైపు చూశాను.

రెండేళ్ళుగా నేర్పుతున్నాడు. అన్నావదినలు క్వయర్ ప్రాక్టీసుకు వెళ్ళిన సాయంత్రాలు పాత సూట్‌కేసు మూత మీద పేపరు పరిచి నేర్పాడు. కర్రలైతే వీధంతా వినిపిస్తాయి, బ్రష్షులు పక్క గదికి కూడా వినిపించవు. టీవీ కాస్త పెంచితే చాలు. ఎడమ చేత్తో పేపరు మీద గుండ్రంగా రుద్దుతూనే ఉండాలి, కుడి చెయ్యి తాళం వెయ్యాలి. నా ఎడమ చెయ్యి మొరాయించేది. కుడి చేత్తో ఒక దెబ్బ వెయ్యగానే ఎడమది ఆగిపోయేది. "ఎడమ చెయ్యి ఇల్లు ఊడుస్తది, కుడి చెయ్యి తలుపు కొడ్తది. ఎవరో తలుపు కొట్టిన్రని ఊడుసుడు ఆపుతరా?" అని విసుక్కునేవాడు. అది వంటబట్టడానికి నాకు ఏడు నెలలు పట్టింది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. ఎక్కడ తప్పిందో చెప్పేవాడు, అంతే.

"అడుగుతున్న గదా, ఎవరు నేర్పిన్రు?" అన్న మళ్ళీ అడిగాడు.

డాడీ పేపరు తిప్పాడు.

ఆ కాగితం చప్పుడు విన్నప్పుడు నాకు మొదటిసారి ఆయనంటే అసహ్యం వేసింది. సింకులోని జిడ్డు చూసినప్పటికంటే ఎక్కువ వేసింది.

అన్న ఎక్కువసేపు ఆలోచించలేదు. కమిటీ మనుషులకు ఇలాంటివి తొందరగా తడతాయి.

"శనివారం కూడిక నాలుగున్నరకు. డాడీ సాక్ష్యం చెప్తడు. తర్వాత అందరం ఆటోలల్ల నయాపూల్ పోదం. జెర్లిన్ తన చేత్తోటి ఇవి మూసీల వేస్తది. బుచ్చిబాబు నోరు మూతపడ్తది."

"మరి అవి డాడీవే గదా?" వదిన నోరు జారింది. "మామయ్య ఎప్పుడో పారేసిన అన్నడు..."

"ఇప్పుడు పారేస్తే అదే నిజమైతది. జర లేటైంది, అంతే."

నేను నవ్వాను. ఆ పూట ఇంట్లో నవ్వింది నేనొక్కదాన్నే.

"నవ్వు, మంచిగ నవ్వు. శనివారం నువ్వు ఆ హోటల్‌కు పోయినవనుకో, తిరిగి ఈ ఇంటికి రాకు."

డాడీ అప్పుడు నోరు విప్పాడు. "అన్న చెప్పినట్టు చెయ్యి బిడ్డా," అన్నాడు.

*

బ్రష్షుల సంగతి నేను మెసేజ్ పెడితే శుక్రవారం రాబర్ట్ అంకుల్ ఫోన్ చేశాడు. డాడీ బ్యాండులో పియానో వాయించినవాడు. ఇప్పుడు డెబ్భై దాటాయి, వేళ్ళు మాత్రం ఇంకా కుర్రవి.

"బ్రష్షుల ఫికర్ చెయ్యకు, నా దగ్గర ఒక జత ఉన్నది. నువ్వు రా. హోటల్ పైన కిరాయికున్నోళ్ళు కర్రలతోటి కొడ్తే లొల్లి చేస్తరు. బ్రష్షులు వచ్చినోళ్ళు ఈ ఊర్ల ఎంతమంది ఉన్నరు? ఆరు దాక చూస్త. రాకపోతే కీబోర్డుల ఉన్న డ్రమ్స్ నొక్కుకుంట, ఇగ ముందు ముందు గూడ దాంతోనే నడిపిస్త."

వస్తానని చెప్పాను. చెప్పాక డాడీ దగ్గరికి వెళ్ళాను. వదిన బాల్కనీలో పరదాలు ఉతుకుతోంది.

"ఎందుకు దాచినరు డాడీ?"

ఆయన బాల్కనీ వైపు ఓసారి చూశాడు.

"పారేద్దామనే పోయిన. వంతెన మీద నిలబడ్డ. చెయ్యి రాలె," అన్నాడు. "ఇంటికొస్తే మీ అమ్మ అడిగింది, పారేసినవా అని. ఔ అన్న. ఆదివారం ఆమె చర్చిల లేచి నిలబడి అందరికి చెప్పింది. మంది ఏడ్చిన్రు. ఇగ నేనేం చెయ్యాలె?"

"ఒక్కసారంటే తప్పయింది అనుకోవచ్చు. ముప్పై అయిదేండ్లా?"

"నా సాక్ష్యం ఇని తాగుడు బంద్ చేసినోళ్ళున్నరు జెర్లిన్. పెండ్లాలను కొట్టుడు మానినోళ్ళున్నరు. వాళ్ళు మారింది గూడ అబద్ధమేనా?"

వాళ్ళు మారింది నిజమే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"మూసీ సంగతి మీ ఇష్టం. ఏమన్న చెప్పుకోండి. నాకు ఒక్క మాట చాలు డాడీ. జెర్లిన్‌కు నేనే నేర్పిన, అది తప్పు పని చేస్తలేదు అని అందరి ముందట అనండి. మీరు ఒక్క మాట అంటే అన్న గూడ ఏమనడు. నేను పోయి వాయించి ఇంటికొస్త."

"చూద్దాం," అన్నాడు.

మా ఇంట్లో చూద్దాం అంటే లేదని అర్థం. చిన్నప్పటి నుంచి తెలుసు. అయినా ఆశ ఎంత సిగ్గులేనిదంటే, ఆ మాటను పట్టుకుని నేను శనివారం దాకా బతికాను.

*

శనివారం నాలుగున్నరకు పదహారు మంది వచ్చారు. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో టీపాయి. దాని మీద బైబిలు, పక్కన రబ్బరు బ్యాండు వేసిన మిఠాయి డబ్బా. అందులో బ్రష్షులు. వదిన వాటిని సబ్బుతో కడిగి తుడిచి మరీ పెట్టింది. పారేసేవాటికి అంత శుభ్రం ఎందుకని అడిగితే, ప్రభువు పని గదా అంది.

సమోసాలు తిన్నారు. పాటలు పాడారు. బుచ్చిబాబు గారి తమ్ముడు కూడా వచ్చాడు, ఫోనులో వీడియో తీయడానికి అనుకుంటాను. పాస్టరు అయ్యగారు డాడీని లేవమన్నారు.

డాడీ తన పాత నల్ల కోటు సర్దుకుని లేచాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. గడియారంలో అయిదూ పది.

ఈ సాక్ష్యం నేను వందసార్లు విని ఉంటాను. ఆ రోజు మాత్రం వేరేగా విన్నాను. బ్రష్షులు నేర్చుకున్న చెవితో విన్నాను. గొంతు ఎక్కడ తగ్గిస్తాడు, ఎక్కడ ఒక మాటను సాగదీస్తాడు, ఎక్కడ ఆగి జనాన్ని ఎదురుచూసేలా చేస్తాడు, అన్నీ వినిపించాయి. "వంతెన మీద నిలబడ్డ" అన్నాక నాలుగు లెక్కపెట్టేంత సేపు ఆగాడు. సరిగ్గా నాలుగు. "విసిరేసిన" అన్నాడు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు.

ఆ నిమిషంలో నాకు అర్థమైంది. ఈయన వాయించడం ఎప్పుడూ మానలేదు. హోటల్ మారింది, అంతే. ముప్పై అయిదేళ్ళుగా ఆయనకు స్టేజీ ఉంది, వినేవాళ్ళున్నారు, ఏడ్చేవాళ్ళున్నారు. నాకు ఒక్క సాయంత్రం దక్కకుండా అడ్డం పడుతున్నది ఈ మనిషే. నోట్లో సమోసా నూనె చేదెక్కింది.

అయినా ఎదురుచూశాను. ఒక్క మాట.

"సాతాను ఊకుంటదా?" అన్నాడు డాడీ. "నా బిడ్డ మీద పడ్డది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొననీకి పోయి గిసుంటి బ్రష్షులే కొనుక్కొచ్చింది. ఎవరో ఏదో నేర్పిన్రు. నాకు తెల్వదు. నేను ఏండ్ల కింద పారేసిన పాపం నా ఇంట్లకే మల్లొచ్చింది."

పదహారు మందీ నావైపు తిరిగారు. అన్న ముఖంలో కూడా ఆశ్చర్యమే. ఈ ముక్క అన్న రాసింది కాదు. డాడీ అప్పటికప్పుడు అల్లినది.

"అమ్మా జెర్లిన్," అన్నారు అయ్యగారు మెత్తగా. "నువ్వు కూడా రెండు మాటలు సాక్ష్యం చెప్పు తల్లీ."

ముందుకొచ్చాను. నిజం చెప్పాలనే వచ్చాను, ఒట్టు. ఈయనే నేర్పాడని, అవి ఈయనవేనని చెప్పి, చెప్పులేసుకుని ఆబిడ్స్‌కు వెళ్ళిపోవాలని. నోరు తెరిచేసరికి డాడీ కనిపించాడు. కుర్చీ అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తీర్పు వినే ముద్దాయిలా ఉన్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి. ఇన్ని కళ్ళ ముందు.

"ఔ," అన్నాను. "నేనే కొన్న. డాడీకి చెప్పలె."

అక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. "డాడీని మోసం చేసిన," అన్నాను. గొంతు తగ్గించాను. కాసేపు ఆగాను. ఆగినప్పుడు గదంతా నాతోపాటు ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో చెప్పడానికి సిగ్గేస్తోంది. "ప్రభువు నన్ను క్షమించాలె," అనేసరికి కన్నీళ్ళు వాటంతటవే వచ్చాయి. "ఆమేన్!" అన్నారు అందరూ. ముందు వరసలో ఒకావిడ వెక్కింది.

డాడీ నావైపు చూసి తల ఊపాడు. రెండేళ్ళ పాఠాల్లో ఒక్కసారి కూడా ఊపని తల. బాగా చేశావన్నట్టు ఊపాడు.

చేతులు కడుక్కోవాలనిపించింది. మొహం, నోరు, నాలుక, అన్నీ కడుక్కోవాలనిపించింది. ఆయన్ని చూస్తే వేసిన అసహ్యం ఒక ఎత్తు, నన్ను చూసుకుంటే వేసింది ఒక ఎత్తు.

"ప్రార్థన చేసుకుందాం," అన్నారు అయ్యగారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. ఆయన ప్రార్థన పది నిమిషాలకు తగ్గదు. ముఖ్యమంత్రితో మొదలుపెట్టి మా వీధి మలుపులో కాలు విరిగిన రిక్షావాడి దాకా ఎవర్నీ వదలరు. బుచ్చిబాబు గారి తమ్ముడు కూడా ఫోను దించి కళ్ళు మూసుకున్నాడు.

నేను మూసుకోలేదు. గడియారం చూద్దామని కళ్ళు తెరిచే ఉంచాను. అయిదూ ముప్పై అయిదు.

డాడీ కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. కానీ నావైపు చూడటం లేదు, డబ్బా వైపు చూస్తున్నాడు.

చెయ్యి చాచి రబ్బరు బ్యాండు తీశాడు. మూత ఎత్తాడు. బ్రష్షులు రెండూ బయటికి వచ్చాయి, కోటు లోపలికి వెళ్ళాయి, మూత మూసుకుంది, బ్యాండు మళ్ళీ ఎక్కింది. ఎక్కడా చప్పుడు లేదు. వయసు ఆ చేతుల జోలికి పోలేదు. కోటు గుండీ పెట్టుకుంటూ తలెత్తాడు. నేను చూస్తున్నానని అప్పుడు చూశాడు.

సిగ్గుపడతాడనుకున్నాను. పడలేదు. కళ్ళు మూసుకుని, అయ్యగారి మాటకు అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నాడు.

నా సాయంత్రం నా చేతనే వదిలించాడు. నా చేత అబద్ధం చెప్పించాడు. తన బ్రష్షులు మాత్రం ఈసారి కూడా మూసీలో పడనివ్వలేదు.

ప్రార్థన ముగిసింది. కుర్చీలు జరిగాయి. అన్న డబ్బా తీసుకొచ్చి నా చేతుల్లో పెట్టాడు. "పదండి, ఆటోలు వచ్చినయ్. జెర్లిన్, నీ చేత్తోటే వెయ్యాలె." గొంతులో ప్రేమ కూడా ఉంది పాపం. చెల్లెలు దారికొచ్చిందని నిజంగానే సంతోషపడుతున్నాడు.

డబ్బా ఖాళీగా, తేలిగ్గా ఉంది. బుచ్చిబాబు గారి తమ్ముడు మళ్ళీ ఫోను ఎత్తాడు.

"అన్నా," అన్నాను. "విప్పి అందరికి చూపెట్టి వేద్దం. కండ్లార చూసినట్టుంటది."

"మంచి మాట తల్లీ," అన్నారు అయ్యగారు. వెళ్ళేవాళ్ళంతా గుమ్మంలోంచి వెనక్కి తిరిగారు.

"ఎందుకమ్మా, టైమైతున్నది," అన్నాడు డాడీ. చెయ్యి కోటు గుండీ మీద ఉంది. "జెర్లిన్..."

ఆయన వైపు చూడలేదు. రబ్బరు బ్యాండు నేనే తీసి, డబ్బాను అన్న చేతిలో పెట్టాను.

"మూత నువ్వు తియ్యన్నా," అన్నాను.